ఏకగ్రీవ పప్పు

పాండురంగారావు ఇంట్లో పోపుల పెట్టె ఒక శుక్రవారం ఉదయం, అందరూ చూస్తుండగానే పోయింది. దొంగలెవరూ రాలేదు. కౌమార భోజనాభిరుచి సంరక్షణ శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, మంచినీళ్లు అడిగి తాగాడు, పెట్టెను తెల్లగుడ్డలో మూటగట్టి ముడి మీద లక్క ముద్ర వేశాడు. "మీ సహకారమునకు శాఖ కృతజ్ఞత తెలుపుచున్నది" అని, మూట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంత మర్యాదగా వస్తువులు పోవడం కొత్తరేవు పట్టణంలో అంతకు ముందు ఎవరూ ఎరుగరు.

ఆ పెట్టె గొప్పదేమీ కాదు. గుండ్రటి స్టీలు డబ్బా. మూత మీద ఒక సొట్ట. లోపల ఏడు చిన్న గిన్నెలు, ఒక అరిగిన చెంచా. దాన్ని చివరిసారి నింపింది పాండురంగారావు భార్య విశాలాక్షి. వానాకాలం మొదట్లో నింపింది. వానలు వెళ్లిపోయేసరికి ఆమె లేదు. ఆ తరువాత పాండురంగారావు రోజూ పొద్దున్నే ఆ మూతను పొడిగుడ్డతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టేవాడు. తెరిచేవాడు కాదు. వంటకు కొట్లోంచి మసాలా పొట్లాలు తెచ్చుకునేవాడు. వాటి మీద "అన్ని వంటలకూ ఒక్కటే" అని రాసి ఉండేది. అతను ఆ మాట నమ్మాడు.

పాండురంగారావు బస్టాండులో కంట్రోలరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో మైకులో చెప్పడం అతని ఉద్యోగం. నాలుగు దిక్కులకూ పోయే జనాన్ని తిట్లు తినకుండా పంపించగలిగినవాడు కనుక, ముగ్గురు పిల్లలకు అన్నం పెట్టడం ఏమంత పని అనుకున్నాడు.

పెద్దది హిమజ, ఇంటరు రెండో ఏడు. దూడ నోటి దగ్గర పాలు లాక్కోవడం అన్యాయమని ఏదో వీడియోలో చూసిన నాటి నుంచి పాలు, పెరుగు, నెయ్యి ముట్టదు. రెండోవాడు ప్రణీత్, పదో తరగతి. కండలు పెంచుతున్నాడు. కంచంలో అన్నం మెతుకు కనిపిస్తే తేలు కనిపించినట్టు వెనక్కి జరుగుతాడు. ఆఖరిది లాస్య, ఎనిమిదో తరగతి. దానికి సిద్ధాంతాలేమీ లేవు. తినే పదార్థంలో ఇంకో పదార్థం కనిపించకూడదు, అంతే. కరివేపాకు కనిపిస్తే కంచం తోసేస్తుంది. ఆవగింజ కనిపిస్తే "అది నన్నే చూస్తోంది" అంటుంది. వీళ్లకు తోడు పాండురంగారావు తల్లి మాణిక్యమ్మ. పక్కవీధిలో వెల్లుల్లి ఒలిచినా ఆవిడకు ఇక్కడ ఆకలి చచ్చిపోతుంది.

విశాలాక్షి ఇంతమందికీ ఒక్క పప్పే వండేది. ఉడికిన పప్పును నాలుగు గిన్నెల్లోకి తీసేది. పొయ్యి మీద ఒకటే పోపు గరిటె. మొదట ఇంగువ పోపు, అది అత్తగారికి. తరువాత ఇంగువ లేని నూనె పోపు, అది హిమజకు. అదే పోపులో వెల్లుల్లి దంచి వేస్తే అది ప్రణీత్‌కు. ఆఖరున నేతి పోపు వేసి, టీ వడకట్టే జల్లెడలో పోసి, గింజనూ ఆకునూ పైన ఆపి వాసనను మాత్రం కిందికి వదిలేది. అది లాస్యకు. వాళ్లు నలుగురూ నాలుగు వంటలు తింటున్నామనుకునేవారు. ఆవిడ ఒక్క వంటే చేస్తున్నాననుకునేది. పాండురంగారావు ఏ గిన్నెలో మిగిలితే అది తినేవాడు. అందుచేత ఈ ఏర్పాటు అతని కంట పడలేదు.

ఆవిడ పోయాక అతను తనకు తెలిసిన పద్ధతిలో వంటిల్లు నడిపాడు. ఎవరి వంట వారికి వేరుగా, వేళల ప్రకారం. అలవాటు కొద్దీ గొంతు కూడా అదే వచ్చేది.

"ప్రణీత్ గారి గుడ్లు మరికొద్దిసేపట్లో బల్ల మీదికి వచ్చును. హిమజ గారి ఉప్మా సాంకేతిక కారణముల వలన ఆలస్యముగా నడుచుచున్నది."

"ఒరే పాండూ, అది బస్సు కాదురా, అన్నం" అనేది మాణిక్యమ్మ లోపలి నుంచి.

ఒకటి వస్తే ఒకటి మాడేది. చివరికి అతను విసిగి, సర్వీసులన్నీ రద్దు చేసి, ఒక్క పప్పు వండి పొట్లం మసాలా కలిపి అందరికీ అదే వడ్డించాడు. ఎవరూ తినలేదు. ఎవరూ ఏమీ అనలేదు కూడా. అదే అతనికి కష్టంగా ఉండేది.

అటువంటి రోజుల్లో ప్రభుత్వానికి కౌమారుల మీద ప్రేమ కలిగింది. పిల్లల నోటికి నచ్చనిది పెట్టడం వారి వ్యక్తిత్వానికి భంగమని ఎక్కడో ఎవరో ఉపన్యాసం చెప్పారు. ఉపన్యాసం బాగుందని ఒక శాఖ పెట్టారు. శాఖ పెట్టారు కనుక ఒక నిబంధన రాశారు: "ఇద్దరు లేక అంతకు మించి కౌమారులు గల ఏ ఇంటనైనను, వారందరి ఏకగ్రీవ ఆమోదము లేనిదే ఏ వంటకమును వడ్డించరాదు."

శాఖవారు బడుల్లో అభిరుచి వారోత్సవాలు జరిపారు. లాస్య తరగతికి ఒక మేడమ్ వచ్చి, "ఇంట్లో మీకు నచ్చని వంట ఏమిటో ధైర్యంగా చెప్పండి" అంది. పిల్లలు కాకరకాయ అన్నారు, పొట్లకాయ అన్నారు, ఒకడు "మా బాబాయి" అన్నాడు. లాస్య లేచి, "పప్పు" అంది.

"ఎందుకని?"

"అమ్మ పప్పులా లేదు" అని చెప్పి కూర్చుంది.

మేడమ్ దాన్ని పై ఆఫీసుకు పంపింది. అందుకే ఆ శుక్రవారం అధికారి వచ్చాడు. పేరు త్రివిక్రమరావు. హోదా అభిరుచి అధికారి, రెండవ శ్రేణి.

"సదరు ఫిర్యాదీ ఎవరు?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

లాస్య తలుపు చాటు నుంచి చెయ్యెత్తింది. "ఫిర్యాదు కాదండీ. అడిగారని చెప్పాను."

"అడిగినప్పుడు చెప్పుదానినే ఫిర్యాదు అందురమ్మా. అడగకుండా చెప్పినచో దానిని ఆందోళన అందురు." తరువాత పాండురంగారావు వైపు తిరిగాడు. "ఫిర్యాదు సారాంశము ఏమనగా, ఒక ప్రమాణము కలదు. మీ పప్పు దాని నుండి వైదొలగినది. ఆ ప్రమాణము ఎక్కడ?"

"ఏ ప్రమాణమండీ?"

"అమ్మ."

పాండురంగారావు గోడ మీది పటం వైపు చూశాడు. అధికారి కూడా చూసి, గౌరవంగా తల వంచి, "వంటిల్లు పరిశీలించవలెను" అని లేచాడు.

వంటింట్లో పోపుల పెట్టె దొరికింది. మూత తీసి చూశాడు. ఏడు గిన్నెలూ నిండుగా, ఎవరో అప్పుడే సర్దినట్టు ఉన్నాయి.

"వీటిపై పేర్లు లేవే?"

"ఆవాలకు పేరెందుకు బాబూ?" అంది మాణిక్యమ్మ. "ఆవాల్లా కనిపించట్లా?"

"అది మీ అభిప్రాయము. నింపినది ఎవరు?"

"మా కోడలు."

"అనగా ఫిర్యాదులో ప్రస్తావించబడిన అమ్మ?"

"అవునయ్యా."

త్రివిక్రమరావు మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అతనికి అలాంటి వస్తువు దొరకలేదు. "మాతృ ప్రమాణము," అన్నాడు గొంతు తగ్గించి. సంచిలోంచి తెల్లగుడ్డ తీశాడు.

పాండురంగారావు మూత మీద పడిన అధికారి వేలిముద్రలను పొడిగుడ్డతో తుడిచాడు.

*

సోమవారం అతను సెలవు పెట్టి శాఖ ఆఫీసుకు వెళ్లాడు. గోనెసంచుల గోడౌను మీది అంతస్తులో ఉంది. పెట్టె ఒక బల్ల మీద, మెత్తటి దిండు మీద ఉంది. అటూ ఇటూ ఇద్దరు బంట్రోతులు నిలబడి ఉన్నారు.

"పెట్టె ఇచ్చేస్తే తీసుకెళ్తానండీ" అన్నాడు పాండురంగారావు.

"ఎట్లు ఇత్తును?" అన్నాడు త్రివిక్రమరావు నిజంగానే బాధపడుతూ. "రాష్ట్రమంతటా కౌమారులు 'అమ్మ చేసినట్టు లేదు' అని వాపోవుచున్నారు. ఆ అమ్మ ఎట్లు చేసెనో చెప్పుటకు శాఖ వద్ద ఆధారము లేకపోయినది. ఇప్పుడు కలదు. ఇందలి పాళ్లు నిర్ధారించి, ప్రతి ఇంటికీ పంపినచో, ఇక ఏ బిడ్డయూ ఆ మాట అనజాలదు."

"అనకుండా ఉంటే మంచిదేనా అండీ?"

అధికారి ఈ ప్రశ్నను పరిశీలనకు తీసుకున్నాడు. ఆ పరిశీలన పూర్తికాలేదు.

పాళ్లు నిర్ధారించడానికి ఉపసంఘం వేశారు. మొదటి సాక్షిగా మాణిక్యమ్మను పిలిచారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, వేయించిన సెనగలు కొంగున ముడివేసుకుని ఆటో దిగింది.

"సదరు విశాలాక్షి గారు పప్పులో ఆవాలు ఎంత వేసెడివారు?"

"కాస్త."

"కాస్త అనగా?"

"చిటికెడు."

"చిటికెడు అనగా?"

"ఏంటయ్యా నీ ప్రశ్నలు. చూసుకుని వేసేది."

"ఏమి చూసుకొని?"

"మొహాలు" అంది మాణిక్యమ్మ. "బడి నుంచి వచ్చిన పిల్లల మొహాలు చూసేది. ఒకడి మొహం వేలాడుతుంటే నాలుగు మెంతులు తక్కువేసేది. ఒకతె చిర్రుబుర్రులాడుతుంటే ఒక ఎండుమిర్చి తీసేసేది. అంతే."

గుమాస్తా రాసుకుంటున్న కలం ఆగింది. త్రివిక్రమరావు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, "రాయి," అన్నాడు. "ముఖ పరిశీలనానంతరము పోపు పరిమాణము నిర్ణయింపబడవలెను."

మరుసటి వారం నుంచి కొత్తరేవులో ప్రతి తల్లీ వంటకు ముందు పిల్లల మొహాలు ఫోటో తీసి శాఖకు పంపాలని ఉత్తర్వు వచ్చింది. మొహం ఏ తరగతిదో తేల్చి చెప్పడానికి ముఖ నిర్ణయ విభాగం తెరిచారు. జవాబు వచ్చేసరికి పిల్లల మొహాలు ఆకలితో మారిపోయేవి. అప్పుడు మళ్లీ ఫోటో తియ్యాలి.

తరువాత చిటికెడు సమస్య వచ్చింది. చిటికెడు వేళ్ల మధ్య పడుతుంది. ఆ వేళ్లు ఇప్పుడు లేవు. శాస్త్రీయంగా ఆలోచించి, రక్తసంబంధీకుల వేళ్లు కొలవాలని తీర్మానించారు. హిమజను తండ్రితో సహా పిలిపించి, కాలేజీ ప్రయోగశాల నుంచి స్క్రూగేజీ తెప్పించారు. హిమజ మొదట పగలబడి నవ్వింది. బొటనవేలు కొలుస్తుంటే నవ్వింది, చూపుడువేలు కొలుస్తుంటే నవ్వింది. ఉంగరపు వేలు దగ్గర నవ్వు ఆగింది.

"అమ్మ వేళ్లు ఇట్లాగే ఉండేవా నాన్నా?"

పాండురంగారావు ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. "ఇట్లాగే. ఈ వేలు కాస్త పొట్టి."

"కాస్త అనగా?" అన్నాడు గుమాస్తా, కలం పట్టుకుని.

తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి హిమజ, డ్రెస్సుకు కొంగు లేక, కళ్లు తుడుచుకోవడానికి చున్నీ వెతుక్కుంది. ఆ నవ్వును కూడా శాఖవారు నమోదు చేశారు. "సాక్షులు సంతృప్తి వ్యక్తపరచిరి."

*

ఈలోగా పట్టణంలో ఏకగ్రీవం తన పని తాను చేసుకుపోతోంది.

పిల్లల డాక్టరు గారింట్లో కవలలు. ఒకడు ఔనన్నదానికి రెండోవాడు కాదనడం పుట్టిన నాటి నుంచి వారి వృత్తి. ఆ ఇల్లు అరటిపండ్ల మీద బతికింది. అరటిపండు వండేది కాదు కనుక నిబంధన కిందికి రాదు. పండ్ల బళ్లవాళ్లు ఉదయం శాఖ ఆఫీసుకు దణ్ణం పెట్టుకుని బేరం మొదలెట్టేవారు. ఒక ప్లీడరు గారు పెద్ద కొడుకును వంకాయ కూరకు ఒప్పించబోతే వాడు మోటారుసైకిలు అడిగాడు. శాఖవారు దాన్ని "ఆరోగ్యకరమైన సంప్రదింపులు" అని మెచ్చుకున్నారు. గుడివీధిలో ఒక అమ్మాయికి ఇరవయ్యో ఏడు వచ్చి, కౌమారం తీరి, ఆ ఇంటికి నిబంధన తప్పితే, ఆ రోజు కేకు కొయ్యలేదు. వాళ్లమ్మ వీధంతా వినపడేలా గోంగూర నూరింది. చుట్టుపక్కల తల్లులు వచ్చి ఆ రోలును చూసి వెళ్లారు.

త్రివిక్రమరావుకు పదోన్నతి వచ్చింది. మాతృ ప్రమాణాన్ని కనిపెట్టినందుకు ఒకటవ శ్రేణి ఇచ్చారు, శాలువా కప్పారు.

పాండురంగారావు ఇంట్లో మాత్రం వంటింటి అరలో ఒక గుండ్రటి మరక మిగిలింది. పెట్టె ఉండే చోటు. అతను పొద్దున్నే గుడ్డతో వచ్చి, తుడవడానికి ఏమీ లేక ఆ మరకనే తుడిచేవాడు.

ఒక ఆదివారం హిమజ అతని వెనక వచ్చి నిలబడింది.

"నాన్నా, ఒకటి అడగనా? ఆ పెట్టె ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు ఎందుకు తియ్యలేదు?"

అతను గుడ్డ మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

"తీస్తే అయిపోతాయి కదమ్మా" అన్నాడు.

బల్ల దగ్గర గుడ్లు ఒలుచుకుంటున్న ప్రణీత్, "తియ్యకపోయినా పురుగు పట్టేది నాన్నా. మినప్పప్పుకు తొందరగా పడుతుంది" అన్నాడు.

"మెంతులకు పట్టదు" అంది మాణిక్యమ్మ.

"ఆవాలకు కూడా పట్టదు" అంది లాస్య. "వాటికి కళ్లుంటాయిగా, పురుగు వస్తే చూస్తాయి."

ఒకరి తరువాత ఒకరు నవ్వారు. పాండురంగారావు కూడా నవ్వాడు. నవ్వుతూనే, గుడ్డ కింద పెట్టి, "తెచ్చుకుందాం," అన్నాడు. "తెచ్చి పప్పు చేద్దాం. వాడేద్దాం. అమ్మ ఎట్లా చేసేదో మామ్మ చెబుతుంది, నేను చేస్తాను."

"నేను ఎందుకు చెప్పాలిరా, నాకు ఇంగువ పోపు వరకే తెలుసు. తరువాతవి నేను చూసేదాన్ని కాదు, వెల్లుల్లి కంపు" అంది మాణిక్యమ్మ.

"నాది నాకు తెలుసు" అన్నాడు ప్రణీత్.

"నాది టీ జల్లెడలోంచి వస్తుంది" అంది లాస్య.

అలా ముక్కలు ముక్కలుగా ఆ పప్పు వాళ్ల దగ్గరే ఉందని ఆ పూట తేలింది. పెట్టె ఒక్కటే లేదు.

*

శాఖ ఒక షరతు మీద ఒప్పుకుంది. పాండురంగారావు కుటుంబం బహిరంగ సభలో ఒకే వంటకాన్ని ఏకగ్రీవంగా ఆమోదిస్తే, ప్రమాణం నెరవేరినట్టు. నెరవేరిన ప్రమాణాన్ని నిల్వ ఉంచవలసిన పని లేదు. పెట్టె తిరిగి ఇచ్చేస్తారు.

మునిసిపల్ కల్యాణమండపంలో సభ పెట్టారు. వేదిక మీద పెళ్లికొడుకు కుర్చీలో రాజధాని నుంచి వచ్చిన సంచాలకులు కూర్చున్నారు. పెళ్లిపీట మీద గ్యాసు పొయ్యి. పాండురంగారావు కందిపప్పు వేయించి, కడిగి, కుక్కర్లో పెట్టాడు. జనం ఊపిరి బిగబట్టి కూతలు వింటున్నారు. ఎవరో అతని చేతికి మైకు ఇచ్చారు. మైకు చేతికి రాగానే అతని గొంతు దానంతటది మారిపోయింది.

"దయచేసి వినండి. కుక్కరు మూడవ కూత వేసినది. పప్పు కొద్ది నిమిషములలో బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

మండపం నవ్వులతో అదిరింది. వెనకవరసలో ఒకాయన సంచి తీసుకుని లేచి నిలబడ్డాడు కూడా.

పప్పు మెత్తగా ఉడికింది. పాండురంగారావు దాన్ని మెదిపాడు, ఉప్పు వేశాడు, నాలుగు గిన్నెలు వరసగా పెట్టాడు. లాస్య సంచిలోంచి టీ జల్లెడ తీసింది. హిమజ నూనె సీసా మూత తిప్పింది. అప్పుడు బ్యాండు మేళంతో పోపుల పెట్టె వచ్చింది. దిండు మీద, తెల్లగుడ్డలో, లక్క ముద్రతో.

పాండురంగారావు రెండు చేతులూ చాపాడు.

"ఆగుడు," అన్నారు సంచాలకులు. "ముద్ర వేసిన అధికారియే ముద్రను విప్పవలెను. త్రివిక్రమరావు గారు ఎక్కడ?"

గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. సంచాలకులు మైకు తీసుకున్నారు. "సంతోషకరమైన వార్త. త్రివిక్రమరావు గారు విదేశీ మాతృ ప్రమాణముల అధ్యయనము నిమిత్తము విదేశీ పర్యటనలో ఉన్నారు." జనం చప్పట్లు కొట్టారు.

"ఎప్పుడొస్తారండీ?" అన్నాడు పాండురంగారావు.

"అమ్మలు అధిక సంఖ్యలో ఉన్నందున చెప్పజాలము."

నూనె గరిటెలో కాగి పొగ చిమ్ముతోంది. హిమజ పొయ్యి కట్టేసింది. భోజనం వేళ దాటిపోయింది. వేదిక మీద నాలుగు గిన్నెల్లో పసుపు పచ్చటి పప్పు ఊరికే ఆవిర్లు కక్కుతూ ఉంది.

లాస్య గిన్నెలోకి తొంగిచూసింది. అందులో గింజ లేదు, ఆకు లేదు, ఏదీ దాన్ని చూడటం లేదు. వేలు ముంచి నాకింది. హిమజ చూసింది. నెయ్యి లేదు. ప్రణీత్ చూశాడు. అన్నం లేదు, అంతా పప్పే. మాణిక్యమ్మ ముక్కు ఎగబీల్చింది. వెల్లుల్లి లేదు. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. నలుగురూ నాలుగు గిన్నెలు తీసుకుని తినడం మొదలుపెట్టారు.

సంచాలకులు లేచి నిలబడ్డారు. "ఎవరికైనను అభ్యంతరము కలదా?"

నోటి నిండా పప్పుతో ముగ్గురు పిల్లలూ తలలు అడ్డంగా ఊపారు.

"ఏకగ్రీవం!" అని ఆయన చెయ్యి పైకెత్తారు. బ్యాండు మోగింది. "బిడ్డా, చెప్పుము. పప్పు ఎట్లున్నది? అమ్మ పప్పువలె ఉన్నదా?"

లాస్య మింగింది. "లేదండీ. దేనిలాగానూ లేదు."

"విన్నారా!" అన్నారు సంచాలకులు ఉప్పొంగిపోతూ. "దేనితోనూ పోల్చుటకు వీలులేని పప్పు! పోల్చుట లేనిచోట ఫిర్యాదు ఎక్కడిది? ఇంతకాలము మనము ప్రమాణము కొరకు వెదకితిమి. సమస్యకు మూలము పోపే అని నేడు రుజువైనది. నేటి నుండి రాష్ట్రమునందలి కౌమార గృహములన్నింట పోపు లేని పప్పు మాత్రమే వడ్డింపబడును."

జనం లేచి చప్పట్లు కొట్టారు. అందరూ ఆకలి మీద ఉన్నారు, లేచి నిలబడటానికి ఏదో ఒక కారణం కావాలి.

"మరి పెట్టె అండీ?" అన్నాడు పాండురంగారావు. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆ ప్రశ్న మండపం మూలమూలలా వినిపించింది.

సంచాలకులు అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఇక దీని అవసరము ఏ ఇంటికీ లేదు. కనుక దీనిని శాఖ ప్రధాన కార్యాలయమున అద్దాల బీరువాలో భద్రపరచెదము. ముద్ర చెదరకుండా. భావి తరములు చూడవలెను గదా."

"మావాళ్లు చూడాలండీ," అన్నాడు పాండురంగారావు. "మా పిల్లలు."

"తప్పక రావచ్చును. సెలవు దినములు మినహా."

పెట్టె దిండు మీద, బ్యాండు వెనక, కారు ఎక్కి వెళ్లిపోయింది. పాండురంగారావు మెట్ల మీద నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూశాడు. అలవాటైన పనే. కానీ ఈ బండి ఎప్పుడు తిరిగి వస్తుందో అతను మైకులో చెప్పలేడు.

*

ఇంటికి వెళ్లే ఆటోలో ప్రణీత్ సంచాలకుల గొంతు అనుకరించాడు. "ఆగుడు! డ్రైవరు గారూ, బ్రేకు వేసిన వారే బ్రేకు విప్పవలెను." ఆటో డ్రైవరు నవ్వు ఆపుకోలేక బండి పక్కకు తీశాడు. మాణిక్యమ్మ కొంగు ముడి విప్పి అందరికీ సెనగలు పంచింది. లాస్య సెనగలను తిప్పి చూసి, వాటిలో ఇంకేమీ లేదని రూఢి చేసుకుని నోట్లో వేసుకుంది.

దారిలో స్టీలు సామాన్ల కొట్టు దగ్గర హిమజ ఆటో ఆపించింది. ఒక గుండ్రటి డబ్బా కొంది. మూత మీద సొట్ట లేదు. ఏడు గిన్నెలూ మిలమిలా మెరుస్తున్నాయి. పక్క కొట్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ తీసుకున్నారు.

ఇంటికి వచ్చి బల్ల మీద పరిచాక, ఏది ఏ గిన్నెలో పొయ్యాలో అన్న తగాదా వచ్చింది.

"మధ్యలో మెంతులు" అంది హిమజ.

"కాదు, ఇంగువ. అమ్మ మొదట మధ్యలోకే చెయ్యి పెట్టేది, మామ్మ పోపు కోసం" అన్నాడు ప్రణీత్.

"ఆవాలు మూలకి, నాకు కనపడకుండా" అంది లాస్య.

"గుండ్రటి డబ్బాలో మూల ఎక్కడుందే?"

"అయితే నాన్న వైపు."

ముగ్గురూ తండ్రి వైపు తిరిగారు. రోజూ ఆ మూత తుడిచినవాడు అతనే. మూత కింద ఏది ఎక్కడ ఉండేదో అతనికి తెలియదు. ఆ మాటే చెప్పాడు.

"అయితే మనమే పెట్టుకుందాం" అంది హిమజ.

ఇంగువ మధ్యలో పెట్టారు. మిగతావి ఎవరికి తోచినట్టు వాళ్లు పోశారు. పాండురంగారావు పప్పు ఉడికించి నాలుగు గిన్నెల్లోకి తీశాడు. కాసేపు చూసి, ఐదో గిన్నె కూడా తెచ్చి తనకు పెట్టుకున్నాడు. వీధిలో శాఖవారి జీపు తిరుగుతూ, పోపు వాసన వచ్చే ఇళ్ల నంబర్లు రాసుకుంటోంది. మాణిక్యమ్మ లేచి వెళ్లి వీధివైపు కిటికీ బార్లా తెరిచి వచ్చి కూర్చుంది.

హిమజ పొయ్యి ముట్టించింది. లాస్య టీ జల్లెడ పట్టుకుని నిలబడింది. గరిటెలో నూనె కాగింది. పాండురంగారావు కొత్త డబ్బాలోకి చెయ్యి పెట్టి, మూడు వేళ్ల మధ్య ఆవాలు తీసుకున్నాడు. ఎంత వెయ్యాలో చూసుకోవడానికి పిల్లల మొహాల వైపు తిరిగాడు.

పాత పెట్టె ఇంకా ఇంటికి రాలేదు. పోపు ఇంకా వెయ్యలేదు.